మూడు మిల్లీల రోపు

గోదావరిఖనిలో విమానం కట్టిన మొనగాడు ఒక్కడే. పేరు జగదీశ్వర్, బాయిలో ఎలక్ట్రీషియన్. ఇక్కడ బొగ్గుగనిని గని అనేది కాగితాలే, మనుషుల నోట అది బాయే. ఆ బాయిలో పంపులకూ మోటార్లకూ కరెంటు కలుపుతూ సగం జీవితం భూమి కింద గడిపినవాడికి ఆకాశం మీద మనసెందుకు పోయిందంటే ఏం చెప్తాం! కొందరికి పేకాట, కొందరికి యూనియన్ ఎలక్షన్లు, ఇతనికి ఇది. "ఏం జగదీశ్వరన్నా, ఇగ మొదటి షిఫ్టుకు విమానంలనే వస్తవా?" అని అడగనివాడు కాలనీలో లేడు. అతనూ వాళ్లతో కలిసి నవ్వేవాడు. నవ్వుతూనే క్వార్టర్ వెనక రేకుల షెడ్డు వేశాడు, అల్యూమినియం గొట్టాలు తెప్పించాడు, ఒక్క మనిషి కూర్చునే బుల్లి విమానం డ్రాయింగులు కొనుక్కొచ్చి గోడకు అతికించాడు. కొన్నేళ్లు గడిచేసరికి ఆ షెడ్డులో నిజంగానే రెండు రెక్కలు చాపుకుని ఒక మిషను నిలబడింది. అప్పటికి నవ్వేవాళ్లు తగ్గి, చూడటానికి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు.

మొదటి నుంచీ నవ్వనివాడు ఒకే ఒక్కడు, అతని బావ రాయమల్లు.

రాయమల్లు జగదీశ్వర్ భార్య యమునకు పెద్దన్న. అదే బాయిలో రోపుల పని అతనిది. ఏటవాలు దారిలో బొగ్గు టబ్బులను పైకి లాగే ఉక్కు రోపులను కనిపెట్టుకుని ఉండాలి, అరిగిన చోట కోసి, పోగులు విప్పి, అతుకు తెలియకుండా మళ్లీ అల్లాలి. రోపు మీద అరచెయ్యి ఆనించి నడుచుకుంటూ పోతే చాలు, ఎక్కడ ఒక్క పోగు తెగినా అతనికి తెలిసిపోయేది. రాయమల్లు చెయ్యి పడ్డ రోపును మళ్లీ ఇంకొకరు చూడరాదన్నది ఆ బాయిలో రివాజు. చూస్తే అతన్ని అవమానించినట్టే లెక్క.

ఆ పనిలోకి అతను సరదాపడి రాలేదు. పోశం అని వాళ్ల మధ్యవాడు, రాయమల్లుకు తమ్ముడు, యమునకు చిన్నన్న, రోపు తెగి వెనక్కి దొర్లిన టబ్బుల కింద పడి చచ్చిపోయాడు. ఆ రోపు పైకి బాగానే ఉంది, లోపలంతా తుప్పు తినేసింది. తమ్ముణ్ని మట్టిచేసి వచ్చాక రాయమల్లు అడిగి మరీ రోపుల పనికి మారాడు. పాము కాటు తిన్నవాడు తాడును చూసినా జడుస్తాడంటారు. ఇతన్ని కాటేసింది తాడే, ఇక ఆ జడుపు ఎంతుంటుందో మీరే చూసుకోండి.

అలాంటి మనిషి ఒక ఆదివారం పూట షెడ్డుకు వచ్చేసరికి జగదీశ్వర్ నేల మీద కూర్చుని, పురికొస కన్నా కాస్త లావున్న తెల్లటి స్టీలు తీగను చుట్ట విప్పుతున్నాడు.

"గిదేంది బావా?" అన్నాడు రాయమల్లు.

"రోపు. రెక్కలను పట్టుకునేది గిదే. మూడు మిల్లీలు."

రాయమల్లు ఆ తీగను రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపి చూశాడు. అతని మొహం మాడిపోయింది. "మా అవ్వ పుస్తెలతాడు దీనికన్న దొడ్డుగుంటది. దీని మీద మనిషిని ఎక్కిస్తవా?"

జగదీశ్వర్‌కు ఇలాంటి మాటలు అలవాటే. బావను పక్కన కూర్చోబెట్టుకుని చేతులు రెక్కల్లా చాపి చెప్పుకొచ్చాడు. "చూడు, మిషిన్ నేల మీదున్నప్పుడు రెక్కలు కిందికి వాలుతయి. పైన స్తంభానికి కట్టిన రోపులు వాటిని మోస్తయి. గాలిలకు లేస్తే కథ ఉల్టా. గాలి రెక్కలను పైకి నూకుతది. అప్పుడు కింది రోపులు గుంజి పట్టుకోవాలె. నా పానం కింది నాలుగు రోపుల మీదనే ఉంటది."

"మరి పానం ఉన్న రోపే గింత సన్నదా?"

"లెక్క ఉన్నది కదా బావా. మిషిను, నేను, పెట్రోలు, అన్ని కలిపి రెండు వందల యాభై కిలోలు. మలుపు తిరిగితే, గాలి కొడితే దానికి నాలుగింతలు పడ్తదనుకో. నాలుగు రోపులు పంచుకుంటయి. రోపు ఏటవాలుగ ఉంటది కాబట్టి జర ఎక్కువ గుంజుతది. అయినా ఒక్కో రోపు మీద ఐదు వందల కిలోలు దాటది. ఈ మూడు మిల్లీలది ఎనిమిది వందలు మోస్తది."

"అంటే రెండింతల సత్తువ సుత లేదన్నట్టు." రాయమల్లు తీగను కింద పారేశాడు. "మా బాయిల మనుషులెక్కే రోపుకు పదింతలుండాలె. పది! టబ్బులకే అయిదారు చూస్తం. నువ్వేమో ఒకటిన్నర అంటవు."

"పదింతలు పెడితే ఇది లేవది బావా, రోడ్డు రోలర్ అయితది. గాలిలకు పోయేదానికి ప్రతి తులం బరువే. డ్రాయింగు గీసినోడు రోపు, రోపును పట్టుకునే పట్టీ, బోల్టు, గొట్టం, అన్నిటికి ఒక్కతీరుగ లెక్క గట్టిండు. ఒక్కటి మారిస్తే అన్ని మార్చాలె."

రాయమల్లు ఆ చివరి మాట వినలేదు. విన్నా అది అతని చెవిలో నిలవలేదు. బాయిలో రోపును పట్టుకునే కొక్కేలు మనిషి ముంజేతి లావుంటాయి. అవి విరగగా అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. తెగేది ఎప్పుడూ రోపే. అతనికి తెలిసిన చావులన్నీ రోపు తెగిన చావులే. అందుకని ఆ రోజు కోపంగా టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. జగదీశ్వర్ డ్రాయింగులో ఉన్నట్టే మూడు మిల్లీల రోపే కట్టుకున్నాడు.

ఆ తర్వాత బరువు పరీక్ష పెట్టారు. విమానాన్ని చెక్క బల్లల మీద తలకిందులుగా బోర్లించి, రెక్కల మీద ఇసుక బస్తాలు పేర్చడం. గాలి కింది నుంచి తోసేదాన్ని ఇసుక పై నుంచి తోస్తుంది, అంతే తేడా. గోదావరి ఇసుక సిమెంటు సంచుల్లో నింపి మోయడానికి కాలనీ మగవాళ్లంతా వచ్చారు. "విమానం బోర్ల పండుకున్నది, ఇగ లేపుడు కష్టమే" అని ఒకటే పరాచికాలు. బస్తా మీద బస్తా ఎక్కుతుంటే రెక్కల కొసలు కొద్దికొద్దిగా వంగాయి, రోపులు బిగుసుకుని తంబూర తీగల్లా మోగాయి. చివరి బస్తా పడ్డాక జగదీశ్వర్ ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు. ఏదీ విరగలేదు, ఏదీ చిరగలేదు. అందరూ ఈలలు వేశారు, యమున గిన్నెలో తెచ్చిన పేలాల లడ్డూలు పంచింది.

రాయమల్లు మాత్రం బస్తాలు దించుతున్నంతసేపూ ఆ రోపుల మీదే అరచెయ్యి పెట్టుకుని ఉన్నాడు. అందరూ వెళ్లాక బావను పక్కకు పిలిచాడు.

"బావా, ఇగ ఈ రోపులు ఇప్పెయ్యాలె."

"ఎందుకు? పాసైనయి కదా!"

"పాసైనయి కాబట్టే. పరీక్షకు గుంజిన రోపును మేము మళ్ల పనికి ఎక్కియ్యం. ముక్క కోసి గుంజి చూస్తం, అవుతల పారేస్తం. ఆఖరుదాక గుంజిన రోపు మా లెక్కల సచ్చిన రోపే. లోపల పోగు ఎంత సాగిందో ఎవనికి ఎరుక?"

"అది తెగేదాక గుంజుతరు కాబట్టి బావా. మనం గంత గుంజలే."

"నువ్వు కరెంటోనివి. రోపు సంగతి నాకు చెప్పకు."

ఈ వాదన ఒక వారం నడిచింది. జగదీశ్వర్ మెత్తటి మనిషే గానీ విమానం దగ్గర మొండివాడు, ఒప్పుకోలేదు. అప్పుడు రాయమల్లు చెయ్యకూడని పని చేశాడు. సరాసరి చెల్లెలి దగ్గరికి పోయి చెప్పాడు. సన్న రోపు, అందులో గుంజిన రోపు, దాని మీద నీ మొగడు గాలిలకు పోతానంటున్నాడు అని.

యమున అప్పటిదాకా విమానాన్ని మొగుడి బొమ్మగా చూసింది, ఎగురుతుందనే అనుకోలేదు. రోపు మాట చెవిన పడగానే చేతిలోని చాట కింద పెట్టేసింది. ఆ ఇంట్లో రోపు అన్న మాటకు ఒకటే అర్థం. మరునాడు షెడ్డు తాళంచెవి ఆమె కొంగుకు కట్టుంది.

"మా అన్న చూసి, తెగదంటేనే నువ్వు ఎక్కాలె. లేకపోతే నా మీంచి దాటుకుంట పో" అంది.

జగదీశ్వర్ రెండు రోజులు అలిగాడు, మూడో రోజు దిగివచ్చాడు. ఎంతైనా బావ తన మంచి కోరే కదా అంటున్నాడు! రాయమల్లు మంచిర్యాల బజారుకు పోయి, దుకాణం దుకాణం తిరిగి, అయిదు మిల్లీల స్టీలు రోపు సరికొత్తది తెచ్చాడు. దాని కొసలు మడిచి తనే బిగించాడు. ఆ పని చూసితీరాలి. ఎక్కడా ఒక్క పోగు బయటికి పొడుచుకు రాలేదు. జగదీశ్వర్ దాన్ని చేత్తో తూచి, "బరువు పెరిగింది, సరే, నేను ఒక పూట తక్కువ తింట" అని నవ్వాడు.

చిక్కు తర్వాత వచ్చింది. రోపు లావైతే దాని కొసన మడత పెద్దదవుతుంది, మడతలో దూరే బోల్టు లావవుతుంది. రెక్క గొట్టానికి బిగించిన ఉక్కు పట్టీలో బెజ్జం పాత సన్న బోల్టుకు తగ్గట్టు చిన్నది. "కొత్త పట్టీలు చేయించాలె బావా, వెడల్పుయి, మందంగ" అని చెప్పి జగదీశ్వర్ డ్యూటీకి వెళ్లాడు. మాట చెప్పినంత తేలిక కాదది. పట్టీ ఊడదీయాలంటే రెక్క మీద బట్ట చింపాలి, మళ్లీ కుట్టి రంగు పూయాలి. ఎండలు ముదిరితే గాలి దుమారాలు మొదలవుతాయి, ఈ ఏటికి ఎగరడం ఉండదు. బావ మొహం చిన్నబోతుంది. అది రాయమల్లుకు ఇష్టం లేదు. నిజానికి ఆ విమానం మీద అతనికీ ఎప్పుడో ప్రేమ పుట్టింది, పైకి ఒప్పుకోడు గానీ.

అందుకని లేత్ షాపు అన్వర్‌ను డ్రిల్లు తీసుకుని రమ్మన్నాడు. ఆ పట్టీలు చేసిచ్చింది కూడా అన్వరే. వచ్చి చూసి తల గోక్కున్నాడు.

"రాయమల్లన్నా, జర సోంచాయించు, ఆలోచన చెయ్యి. పట్టీ వేలెడు వెడల్పు. తూటు గింత పెద్దగ చేస్తే అంచుకు ఏం మిగుల్తది? కాగితానికి అంచుల తూటు వేసినట్టయితది."

"అది కాగితం కాదు భాయ్, ఉక్కు. నువ్వు ఇచ్చిందే. నీ మాల్ మీద నీకే నమ్మకం లేదా?"

"మాల్ అచ్చా ఉన్నది. అయినా..."

"అయినా లేదు గియినా లేదు. ఇన్నేండ్ల నౌకరీల తెగిన రోపులు మస్తు చూసిన. తెగిన కొక్కెం ఒక్కటి సుత చూడలే. నువ్వు చూసినవా చెప్పు?"

అన్వర్ చూడలేదు. చూడలేదు కాబట్టి నోరు మూసుకున్నాడు. డ్రిల్లు మాత్రం రాయమల్లు చేతికే ఇచ్చాడు. రాయమల్లు ఒక్కొక్క పట్టీకి బెజ్జం పెద్దది చేశాడు, చుట్టూ అరగదీసి నున్నగా చేశాడు, లావు బోల్టులు దూర్చి బిగించాడు. అన్నీ సుఖంగా కూర్చున్నాయి. రోపు లాగి చూస్తే రాయిలా ఉంది. అంతటి మనిషికి ఆ రోజు కడుపు నిండింది.

షిఫ్టు దిగి వచ్చిన జగదీశ్వర్ కొత్త రోపుల చుట్టూ తిరిగి చూశాడు. ఒక పట్టీ దగ్గర ఆగి బొటనవేలితో అంచు తడిమాడు.

"బావా, పాత పట్టీలే ఉంచినవా? అంచు జర తక్కువైనట్టు లేదా? మల్లొకసారి బస్తాలు వేసి చూద్దామా?"

"మళ్ల గుంజితే ఇవి సుత సచ్చిన రోపులే అయితయి. మళ్ల కొత్తయి తేవాలె, మళ్ల గుంజాలె. దానికి అంతుంటదా? దొడ్డు రోపు సన్న రోపు కన్న గట్టిదేనాయె. రాయమల్లు చెయ్యి వడ్డది, ఫికర్ జెయ్యకు."

జగదీశ్వర్ బొటనవేలు ఇంకా అంచు మీదే ఉంది. ఆపైన మాట్లాడితే బావను అనుమానించినట్టవుతుంది, బాయి రివాజు అతనికీ తెలుసు. చెయ్యి తీసేసి, "నువ్వు చూసినంక ఇంకేంది" అన్నాడు. యమున గుమ్మంలో నిలబడి వింటూ ఉంది. రాయమల్లు ఆమె వైపు తిరిగి, "చెల్లె, ఆ రోపు తెగది. నా మాట" అని చెప్పాడు. ఆమె కొంగు ముడి విప్పి తాళంచెవి మొగుడి చేతిలో పెట్టింది.

ఊరి బయట ఎన్నడో మూతబడ్డ పాత రన్‌వే ఉంది, ఇప్పుడు వడ్లు ఆరబోయడానికి తప్ప దేనికీ పనికిరాదు. పొద్దున్నే గాలి నిలకడగా ఉన్నప్పుడు మిషన్ను ట్రాలీ మీద అక్కడికి చేర్చారు. మొదట జగదీశ్వర్ నేల మీదే అటూ ఇటూ ఉరికించాడు. తర్వాత మనిషి ఎత్తు లేచి దిగాడు. మూడోసారి దిగలేదు. చూస్తుండగానే తుమ్మ చెట్లు దాటి పైకి పోయింది. కాలనీవాళ్ల కేకలకు దిక్కులు మోగాయి. ఇన్నాళ్లు ఎగతాళి చేసిన నోళ్లే "లేసింది రా, నిజంగ లేసింది రా" అని అరిచాయి. యమున అతని చేతిగడియారం పట్టుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో ఎవరికీ తెలియలేదు.

రాయమల్లు విమానాన్ని చూడలేదు, రోపుల్నే చూశాడు. కింది రోపులు బిర్రుగా ఉన్నాయి, ఎండలో మెరుస్తున్నాయి. పట్టుకో తల్లీ, పట్టుకో, అని లోపల అనుకుంటూనే ఉన్నాడు.

రన్‌వే కొస దాటి జగదీశ్వర్ వెనక్కి మళ్లడానికి ఎడమకు వాల్చాడు. మలుపులో రెక్క మీద బరువు పడింది. టప్‌మని ఒక చిన్న చప్పుడు వచ్చింది, అంత దూరానికి అది టపాకాయంత కూడా లేదు. ఎడమ రెక్క పైకి మడుచుకుపోయింది. ఒక రోపు గాలిలో వేలాడింది. తెగింది, అనుకున్నాడు రాయమల్లు. మిషను గిరగిరా తిరుగుతూ చెట్ల వెనక్కి పోయింది. ఆ తర్వాత వచ్చిన చప్పుడు మాత్రం పెద్దదే.

అందరికన్నా ముందు పరుగెత్తింది రాయమల్లే. బావను గొట్టాల్లోంచి బయటికి లాగేటప్పటికి ఊపిరి ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి, మాట లేదు. జీపులో వేసుకుని దవాఖానకు తీసుకుపోయారు. దారిలోనే పోయాడు. యమున ఒళ్లో అతని తల ఉంది. అతను పోయిన సంగతి ఆమెకు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు, దవాఖాన గేటు దాకా ఆమె అతని నుదుటి మీద దుమ్ము తుడుస్తూనే ఉంది.

పోలీసులు వచ్చి చూసి రాసుకుని పోయాక, రాయమల్లు అన్వర్‌ను వెంటపెట్టుకుని ఆ తుమ్మ చెట్ల దగ్గరికి మళ్లీ వెళ్లాడు. తెగిన రోపు కొస కోసం వెతికాడు. ఎక్కడ తెగింది, ఎట్లా తెగింది, లోపల ఏమైనా తుప్పు ఉందా, చూస్తే తెలుస్తుంది. చేతికి దొరికిన రోపు పట్టుకుని అరచేత్తో రాసుకుంటూ పోయాడు. ఈ కొస నుంచి ఆ కొసకు వచ్చాడు. ఒక్క పోగు కూడా తెగలేదు. మడత విడలేదు. బోల్టు కూడా వంగలేదు, అట్లాగే మడతలో ఉంది.

పట్టీ మాత్రం బెజ్జం దగ్గర బయటికి చిరిగిపోయి ఉంది. తను పెద్దది చేసి, నున్నగా అరగదీసిన బెజ్జం. దానికి కింది అంచు లేదు.

రాయమల్లు విరిగిన గొట్టం నుంచి ఆ పట్టీని ఊడదీశాడు. తర్వాత దాన్ని అన్వర్ వైపు చాచి పిచ్చివాడిలా, "రోపు తెగలే భాయ్. చూడు, రోపు తెగలే" అన్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు అయింది అతని కథ. సన్న రోపు మీద బస్తాలన్నీ వేస్తే నిలబడ్డ రెక్క, అతని దొడ్డు రోపు మీద ఒక్క మలుపు తిరగలేకపోయింది. తన చేతులు అడ్డం పడకపోతే బావ ఈపాటికి ఇంట్లో కూర్చుని టీ తాగుతూ, బావా ఎట్లుండె, అని అడుగుతూ ఉండేవాడు.

అన్వర్ అతని చేతిలోంచి పట్టీ తీసుకున్నాడు. "ఇది నా దగ్గర ఉంటది. ఎవలకు చెప్పకు అన్నా. చెప్పి ఏం ఫాయిదా? పోయిన మనిషి వస్తడా?" అన్నాడు. అన్వర్ కళ్లలోనూ నీళ్లు తిరుగుతున్నాయి. నేను ఇంకా గట్టిగా అనాల్సింది కదా అన్న బాధ అతనిది.

రోజులు గడిచాయి. కాలనీలో ఒకటే మాట. గాలి తిప్పేసిందన్నారు, ఇంజను ఆగిందన్నారు, రాత అట్లుందన్నారు. తుమ్మ చెట్ల దగ్గర రోపులు చూసొచ్చినవాళ్లు అన్నిటి చివరా ఒక మాట తప్పకుండా చేర్చేవాళ్లు, "రాయమల్లు రోపు మాత్రం తెగలే." బాయి మీద కనిపించిన ప్రతివాడూ భుజం తట్టి, "నీ పని నువ్వు మంచిగనే చేసినవు, నీ తప్పేం లేదు" అన్నాడు. ఒక్కొక్కడు అన్నప్పుడల్లా రాయమల్లుకు గుండెలో గునపం దిగేది. కూడు సయించడం మానేసింది. ఉరేసుకుందామా అన్న ఆలోచన కూడా ఒకసారి వచ్చింది. ఛీ, చెల్లెకు ఇంకో శవమా అనుకుని తనను తనే తిట్టుకున్నాడు.

దినాలైన మర్నాడు యమున కబురు పంపింది. వెళ్లేసరికి ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. నుదుట బొట్టు లేని యమునను చూడలేక అతను తల వంచుకుని ఒక పక్కన కూర్చున్నాడు. ఆమె వాళ్లతో చెప్తోంది.

"మా అన్న మాట తప్పలే. తెగదన్నడు, తెగలే. ఇంకేదో అయ్యింది గని, మా అన్న చేసింది మాత్రం తెగలే."

ఆడవాళ్లు లేచి వెళ్లాక ఆమె కంచంలో అన్నం, చింతపండు పులుసు పెట్టి అతని ముందు ఉంచింది. "తిను అన్నా. నువ్వు తింటలేవని వదినె చెప్పింది. నీ మీద ఎందుకు వేసుకుంటున్నవు? ఆయన సుత ఎన్నిసార్లు అన్నడో, మా బావ రోపు కట్టినంక నాకు భయమే పోయిందని. ఆ ఒక్క ధైర్యంతోనే పోయిండు. నాకు అదే చాలు."

రాయమల్లు ముద్ద కలిపాడు, నోట్లో పెట్టుకోలేదు. ఇది మింగితే ఇక జీవితమంతా మింగుతూనే ఉండాలి. ఆమె ఇట్లాగే అందరికీ చెప్తూ ఉంటుంది, పండక్కీ పబ్బానికీ తన కంచంలో ముందు వడ్డిస్తుంది, తను తింటూ ఉండాలి. అన్వర్ మాట గుర్తొచ్చింది, చెప్పి ఏం ఫాయిదా. నిజమే, ఏ ఫాయిదా లేదు. అయినా నోరు ఆగలేదు.

"చెల్లె, రోపు తెగలే. పట్టీ చినిగింది."

"ఏం పట్టీ?"

"రోపును పట్టుకునే పట్టీ. నా దొడ్డు రోపు పట్టలేదని దాని తూటు పెద్దగ చేసిన. అన్వర్ వద్దన్నడు. బావ సుత అడిగిండు, అంచు తక్కువైందా అని. కొత్త పట్టీలు చేయించుమన్నడు, నేనే చేయించలే. నేనే ఫికర్ జెయ్యకు అంటి. సన్న రోపు ఉంచితే ఏం కాకపోవు. బస్తాలన్ని మోసింది కదా అది. నేనే ఇప్పించిన. నేనే..."

పెద్ద మగవాడు, చేతిలో ముద్దతో, పసిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

యమున కదల్లేదు. అరవలేదు, తిట్టలేదు, చెంప మీద కొట్టినా అతనికి కాస్త ఊరటగా ఉండేది. ఆమె గోడకు ఆనుకుని, అతన్ని ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు చూసింది. బయట షిఫ్టు సైరన్ మోగి ఆగిపోయింది. అప్పుడు చాలా మెల్లగా అడిగింది.

"ఎందుకు చెప్పినవే అన్నా? చిన్నన్న పాయె, ఆయన పాయె. నువ్వొక్కనివన్న మిగిలినవనుకుంటి."